తొమ్మిదో ముద్దాయి నోటు పుస్తకం

ఏడెనిమిదేళ్ల కిందట, ఏప్రిల్ మొదటి వారంలో నేను మదనపల్లెలో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేరాను. కోర్టు వాడుకలో ఏపీపీ అంటారు. పోలీసులు పెట్టిన కేసుల్ని మేజిస్ట్రేటు ముందు ప్రభుత్వం తరఫున నడపడం ఆ ఉద్యోగం. మా ఊరు పుంగనూరు కాబట్టి రోజూ బస్సులోనే వచ్చిపోయేదాన్ని. అప్పటికే నాకు ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు ఉంది. పేకాట కేసులు లెక్కలేనన్ని చూశాను. వాటి మీద ఎవరూ బుర్ర పెట్టరు. ముద్దాయిలు వరసగా నిలబడతారు, తప్పు ఒప్పుకుంటారు, జరిమానా కట్టి మధ్యాహ్నం బస్సుకు ఇంటికి పోతారు. కేసుకు పది నిమిషాలు. ఆ పది నిమిషాల అలవాటు నాకూ ఉండేది. ఇక్కడ చెప్పబోయే కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే.

మే నెలలో ఎస్సై ఒక చార్జిషీటు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పుంగనూరు రోడ్డులో మూతపడిన మామిడి గుజ్జు కంపెనీ ఒకటుంది. దాని ఆఫీసు పైగదిలో మధ్యాహ్నం రెండు గంటలకు సోదా చేశారు. గుండ్రటి బల్ల, రెండు పేక కట్టలు, పందేనికి వాడే రంగు బిళ్లలు, కొంత నగదు, తొమ్మిది మంది మనుషులు దొరికారు. ఏడుగురు టమాటా రైతులు, ఒకడు లారీ డ్రైవరు. తొమ్మిదో ముద్దాయి దిలీప్, ముప్పై రెండేళ్లవాడు. వి.కోట దగ్గర పల్లె. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చాడు. వృత్తి అన్నచోట ఎస్సై 'నిరుద్యోగి' అని రాశాడు. అంత తప్పు మాట ఆ చార్జిషీటులో ఇంకొకటి లేదు.

మొదటి వాయిదాకే ఎనిమిది మంది ఒప్పుకున్నారు. "తప్పు చేశారా?" అని మేజిస్ట్రేటు అడిగితే "చేసినాం సామీ" అని అందరూ ఒకే గొంతుతో అన్నారు. దిలీప్ తరఫున చిత్తూరు నుంచి సీనియర్ లాయరు వచ్చి, తన క్లయింటు ఒప్పుకోవడం లేదని, విచారణ కావాలని అడిగాడు. అలాంటప్పుడు కేసును రెండుగా విడగొడతారు. ఒప్పుకున్నవాళ్లకు ఆ రోజే శిక్ష, ఒప్పుకోనివాడికి వేరే నంబరుతో విచారణ. నేను అభ్యంతరం చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

ఆ మధ్యాహ్నం కోర్టు వరండాలోని నా గదికి ఒకామె వచ్చింది. పేరు రెడ్డెమ్మ. రెండో ముద్దాయి మునివెంకటప్ప భార్య. పుంగనూరు దగ్గర పల్లెవాళ్లు. నేను కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, పోలీసోళ్లకు ఫోన్ చేసింది నేనే. ఆ పిల్లోడు మా రైతుల్ని పీక్కు తింటాండాడు, వాణ్ణి పట్టుకోండి సామీ అని చెప్పినా. వాళ్లొచ్చి మా ఇంటాయన్ను పట్టుకొనిపోయి, ముందర ముక్కలు పెట్టి పోటో తీసి పేపర్లో ఏసినారు. ఈ పొద్దు మీరు జరిమానా ఏసినారు. వాడు మాత్రం కారెక్కి పాయ. ఇదేం కోర్టమ్మా?"

జరిమానా వేసింది మేజిస్ట్రేటు అని, నేను కాదని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాట నిజమే గానీ, ఆమెకు చెప్పదగ్గది కాదు.

ఆమె మిగతాది చెప్పింది. ఇంట్లో ఉన్న పాడి సీమావుల్లో రెండు పోయాయి. డ్రిప్పు పైపులకని దాచిన డబ్బు పోయింది. మునివెంకటప్ప వాళ్ల ఊరి పాల సంఘానికి అధ్యక్షుడు. పేపర్లో ఫోటో వచ్చిన మూడో రోజు సంఘంవాళ్లు ఇంటికొచ్చి తాళాలు తీసుకున్నారు. పద్నాలుగేళ్లుగా ఆయన దగ్గరున్న తాళాలు అవి.

"మోసం చేశాడా ఆ అబ్బాయి?" అని అడిగాను.

"మోసం చేసింటే చెప్పుతో కొట్టేదాన్ని గదమ్మా. మోసం లేకుండానే పోయింది. అదే నాకు అర్థం కాలేదు."

నాకూ అర్థం కాలేదు. పేక ముక్కల్ని ఎస్సై పరీక్ష చేయించాడు. గుర్తుల్లేవు, గీతల్లేవు. అందుకని మునివెంకటప్పను పిలిపించాను. ఒప్పుకుని శిక్షపడ్డవాడి కేసు ముగిసినట్టే కాబట్టి, విడగొట్టిన కేసులో అతన్ని ప్రభుత్వం తరఫు సాక్షిగా పెట్టవచ్చు. ఆయన నెమ్మదస్తుడు. యాభై అయిదేళ్లుంటాయి. మాట్లాడేటప్పుడు తువ్వాలు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండేవాడు.

"మార్కెట్లో టమాటా వేలంపాట అయ్యేసరికి పన్నెండు గంటలమ్మా. మా బండి మూడింటికి గానీ కదలదు. అంతవరకు యాడ కూసునేది? ముందు మేం మూడు ముక్కలు ఆడతాంటిమి, చిన్నచిన్నగా. ఆ పిల్లోడు వచ్చినంక ఈ కొత్తాట నేర్పిచ్చినాడు. అన్నా, అన్నా అని శానా మర్యాదగా పిలుస్తాడమ్మా."

ఆ కొత్త ఆట పోకర్. మనిషికి రెండు ముక్కలు పంచుతారు. అందరికీ కలిపి బల్ల మీద ఐదు ముక్కలు విడతలుగా తెరుస్తారు. ఆ ఏడింటిలో ఎవరికి మంచి ఐదు కుదిరితే పందెం వాళ్లది. ప్రతి విడతలోనూ మూడు దారులుంటాయి: పందెం పెంచవచ్చు, సరిపడా వేసి కొనసాగవచ్చు, ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. మా రైతులు మొదటి రెండే ఆడారు. చేతికి ఏవి వచ్చినా చివరి ముక్క తెరిచేదాకా ఉండేవాళ్లు. పన్నెండు నుంచి మూడు దాకా పొద్దు పోవాలని వచ్చినవాళ్లకు, ముక్కలు పారేసి ఊరికే కూర్చోవడం ఆటలా ఎలా అనిపిస్తుంది?

దిలీప్ సంచిలో దొరికినవాటిలో ఒక నోటు పుస్తకం ఉంది. సోదా సమయంలో ఊరి పెద్దల సమక్షంలో రాసే మధ్యవర్తుల నివేదికలో ఎస్సై దాన్ని 'చేతిరాత పుస్తకం ఒకటి' అని రాసి వదిలేశాడు. తెరిచి కూడా చూడలేదు. నేను భోజన విరామంలో తెరిచాను. ఆ రోజు క్యారియర్ మూత తీయలేదు.

ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పేజీ ఉంది. మునివెంకటప్ప పేజీలో ఇలా ఉంది: "ఏ ముక్కలు వచ్చినా లోపలికి వస్తాడు. జత పడితే వదలడు. ఉత్త చేతులతో బెదిరించి లాభం లేదు, బెదరడు. మంచి ముక్కలు వచ్చేదాకా ఆగు. వచ్చినాక కొంచెం కొంచెంగా కాదు, పెద్దగా పెట్టు. ఎంత పెట్టినా సరిపడా వేసి చూస్తాడు." లారీ డ్రైవరు పేజీలో: "ఓడితే కోపం వస్తుంది. కోపంలో ఇంకా వదులుగా ఆడతాడు. ఓడిన వెంటనే అతనితో తలపడు." ఒక పేజీ అందరికీ కలిపి రాసింది: "టమాటా బాక్సు రేటు బాగున్న రోజు పోవాలి. రేటు పడిన రోజు పోవద్దు, జాగ్రత్తగా ఆడతారు. టీ తెప్పించు. అప్పుడప్పుడు చిన్న పందెం ఓడిపో, నవ్వు. ఆట నేర్పు. ముక్కలు పారేయడం మాత్రం నేర్పొద్దు."

ఆ చివరి వాక్యం కింద రెండు గీతలు ఉన్నాయి.

పై కోర్టుకు పంపే హత్య కేసుల కాగితాలు చదివాను. పసిపిల్లల మీద జరిగిన నేరాల కాగితాలూ చదివాను. అప్పుడు కూడా నాకు అలాంటి కోపం రాలేదు. ఆ నేరాలు చేసినవాళ్లలో చాలామందికి బుద్ధి పనిచేయదు. వీడిది అంతా బుద్ధితో చేసిన పనే. అన్నా అని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, మనిషి బలహీనతను పేజీకెక్కించి, బయటపడే దారి ఒక్కటే నేర్పకుండా దాచాడు. వాడూ రైతు బిడ్డే. వాడి తండ్రిదీ టమాటా సేద్యమేనని చార్జిషీటులోనే ఉంది.

ఇక్కడ చట్టం గురించి కొంచెం చెప్పాలి. అప్పటి జూద నిషేధ చట్టంలో కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకు మినహాయింపు ఉండేది. తర్వాత ఆ చట్టాన్ని గట్టిగానే మార్చారు. అప్పట్లో మాత్రం ముద్దాయి బయటపడాలంటే రెండూ కావాలి: ఆ గది నుంచి ఎవరూ కమిషన్ తీసుకోలేదని చూపించాలి, ఆట అదృష్టం మీద కాక నైపుణ్యం మీద నడుస్తుందని చూపించాలి. గది దిలీప్ స్నేహితుడిది, కమిషన్ లేదు. కాబట్టి మొదటిది వాళ్లకు సులభమే. రెండోది వాళ్లకు కష్టం. ఎందుకంటే సోదాలో పేకముక్కలు దొరికితే, కాదని రుజువయ్యేదాకా అది జూదపు గదేనని కోర్టు అనుకోవచ్చు. అంటే నైపుణ్యమని రుజువు చేయాల్సిన బరువు ముద్దాయిది. దిలీప్ సాక్షి బోను ఎక్కి సాక్ష్యం చెప్పాలి, నా క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. నేను పెద్దగా చేయాల్సింది ఏమీ లేదు. సోదా జరిగిందని నిరూపించి కూర్చుంటే చాలు.

నేను కూర్చోలేదు.

మునివెంకటప్ప మూడో సాక్షి. నేను అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పాడు. తర్వాత చిత్తూరు లాయరు లేచాడు. గొంతు పెంచకుండా, ఒక్కొక్క మాటే అడిగాడు. ముక్కలు మార్చాడా? లేదు. తాగించాడా? టీ తప్ప ఏమీ లేదు. బలవంతంగా కూర్చోబెట్టాడా? లేదు.

"మరి అన్ని రోజులు ఎలా గెలిచాడప్పా?"

"ఆయప్పకు ఆట వొచ్చు సార్. మాకు రాదు."

ఆ జవాబును మేజిస్ట్రేటు రాసుకున్నాడు. దిలీప్ ముద్దాయి బోనులో చేతులు కట్టుకుని నిలబడి, నా వైపే చూస్తున్నాడు. సాక్షి వైపు కాదు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. మునివెంకటప్ప దిగి వెళ్తూ వాడికి నమస్కారం పెట్టాడు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాతి వాయిదాకు ఎస్సై సాక్ష్యం. నోటు పుస్తకాన్ని సాక్ష్యంగా మార్క్ చేయమని కోర్టును కోరాను. మా పద్ధతి ప్రకారం ఏ కాగితం పెట్టినా అవతలి లాయర్ని అభ్యంతరం ఉందా అని అడుగుతారు. చేతిరాత ఎవరిదో తేలలేదని, నిపుణుడి రిపోర్టు లేదని అతను సులభంగా అడ్డుపడవచ్చు. అతను సగం లేచి "అభ్యంతరం లేదు, చేతిరాత మా క్లయింటుదే" అని కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ప్రాసిక్యూటరు ఆ క్షణంలో ఆగి ఆలోచించాలి. నేను ఆగలేదు. బెంచి క్లర్కు పుస్తకం మీద పి-5 అని ముద్ర వేశాడు. నేను తెరిచి ప్రతి పేజీ పైకి చదివాను. తలుపు దగ్గర రెడ్డెమ్మ నిలబడి ఉంది. "ముక్కలు పారేయడం మాత్రం నేర్పొద్దు" అని చివరి వాక్యం చదివి పుస్తకం మూశాను. వాడికి శిక్ష పడిపోయినట్టే అనుకున్నాను.

వాదనల రోజున చిత్తూరు లాయరు ఒక్క తీర్పు కూడా తిరగేయలేదు. పి-5 చేతిలోకి తీసుకుని, నేను చదివిన వాక్యాలే, నేను చదివిన వరసలోనే చదివాడు. ఒక్కో వాక్యం తర్వాత ఒక్కటే ప్రశ్న: ఇది అదృష్టమా, నైపుణ్యమా? మంచి ముక్కల కోసం ఆగడం అదృష్టమా? ఎవరి దగ్గర బెదిరింపు పనిచేయదో కనిపెట్టి, వాళ్ల దగ్గర బెదిరించడం మానుకోవడం అదృష్టమా? బాక్సు రేటు చూసి బయల్దేరడం అదృష్టమా? "మా క్లయింటు సాక్షి బోను ఎక్కి చెప్పాల్సినదంతా ప్రాసిక్యూషన్‌వారే శ్రమపడి రికార్డులోకి తెచ్చారు. వారికి కృతజ్ఞతలు" అని కూర్చున్నాడు. దిలీప్ సాక్షి బోను ఎక్కనే లేదు. నా క్రాస్‌కు వాడు ఒక్క జవాబు కూడా చెప్పాల్సిన అవసరం రాలేదు.

తీర్పు ఎనిమిది పేజీలు. ముద్దాయి నడత అసహ్యంగా ఉందని, అయితే కోర్టు తేల్చాల్సింది నడత కాదని మేజిస్ట్రేటు రాశాడు. ఆయన్ని తప్పుపట్టను. రికార్డులో ఉన్నదాని మీద అంతకంటే వేరే తీర్పు రాదు. కేసు కొట్టేశారు. అప్పీలుకు అనుమతి కోసం నేను పైకి రాసిన లేఖకు, ఇది అప్పీలుకు తగిన కేసు కాదని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

ఇప్పుడు లెక్క ఇలా తేలింది. ఒకే గది, ఒకే బల్ల, అవే పేక ముక్కలు. గెలిచినవాడిది నైపుణ్యం కాబట్టి నేరం కాదు. ఓడిన ఎనిమిది మందిదీ జూదం. వాళ్ల పేర్లు నేరస్థుల రిజిస్టరులో ఉన్నాయి. వాడి పేరు లేదు.

ఒక ఆదివారం ఉదయం మునివెంకటప్పను, రెడ్డెమ్మను పుంగనూరులో మా ఇంటికి రమ్మన్నాను. ప్రాసిక్యూటరుగా నేను వాళ్ల తరఫున నిలబడలేను. కానీ దారి చెప్పవచ్చు. ఒప్పుకున్నవాడికి మామూలు అప్పీలు ఉండదు. శిక్ష సరైనదా కాదా అని పరిశీలించమని పై కోర్టులో రివిజన్ వేయవచ్చు. న్యాయ సేవా సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. దిలీప్ తీర్పు నకలు జత చేస్తే గెలిచే అవకాశం బాగా ఉంది. ఇదంతా నిదానంగా చెప్పి, దరఖాస్తు ఫారం ముందు పెట్టాను.

రెడ్డెమ్మ వెంటనే పెన్ను తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన తీసుకోలేదు.

"వద్దులేమ్మా. ఆయప్పకు ఆట వొచ్చు, ఆయప్పది నైపుణ్యం అని జడ్జిగారు రాసినారు. నాకు ఆట రాదు గదా. నేను ఆడింది జూదమే. నేను ఒప్పుకున్నిది నిజమే గదమ్మా."

"సూడమ్మా! ఇంగా వాణ్ణి ఆయప్ప అనే అంటాండాడు!" అని రెడ్డెమ్మ అరిచింది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "వాడు సదువుకున్నోడు, లాయర్ను పెట్టుకున్నోడు. నువ్వు ఒప్పుకున్నోడివి. అంతే గదా తేడా? యాల ఒప్పుకుంటివి? ఎవురు ఒప్పుకోమన్నారు నిన్ను?"

ఆయన బయటికి వెళ్లి చెప్పులు వేసుకున్నాడు. ఎవరు ఒప్పుకోమన్నారో నాకు తెలుసు. ఒప్పుకుంటే ఇవాళే ఇంటికి పోవచ్చని చెప్పే కానిస్టేబులు, పని తొందరగా తెమలాలని చూసే క్లర్కు, పక్కన నిలబడి ఊరుకునే ఏపీపీ. రెడ్డెమ్మ ఫారం మడిచి జాకెట్లో పెట్టుకుంది గానీ, సంతకం ఆయనది కావాలి. ఆ ఫారం దాఖలు కాలేదు. తర్వాత ఆయన ఇంకొకరి పొలం గుత్తకు తీసుకుని మళ్లీ టమాటానే పెట్టాడని విన్నాను. పాల సంఘంలో రెడ్డెమ్మ తన పేరుతో సభ్యత్వం తీసుకుని పాలు పోయడం మొదలుపెట్టింది. అధ్యక్ష పదవి ఆయనకు మళ్లీ రాలేదు.

రెండేళ్ల తర్వాత నాకు కుప్పం బదిలీ అయింది. ఒక ఉదయం పని మీద బెంగళూరు పోవడానికి కుప్పం రైల్వే స్టేషన్లో నిలబడి ఉంటే, ఎవరో "నమస్తే మేడమ్, నన్ను గుర్తుపట్టినారా?" అన్నారు. దిలీప్. కొంచెం లావయ్యాడు. ఇప్పుడు గదుల్లో ఆడడం లేదని, ఆట నేర్పుతున్నానని, వేరే రాష్ట్రాల పిల్లలు కంప్యూటరు మీద తన పాఠాలు వింటారని తనంతట తనే చెప్పాడు. మాట్లాడకుండా పక్కకు పోదామనుకున్నాను. కానీ రెండేళ్లుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటి ఉంది.

"ఆ పుస్తకం పెట్టినప్పుడు మీ లాయరు ఎందుకు అడ్డు చెప్పలేదు?"

"అడ్డు చెప్పొద్దని నేనే చెప్పినా మేడమ్. ఆయన రిస్కు అన్నాడు. నేను మూడు వాయిదాలు మిమ్మల్నే చూస్తా ఉండాను. మునెంకటప్పన్న సాక్ష్యం చెప్పేటప్పుడు మీకు శానా కోపం వచ్చింది. పుస్తకం మీ చేతిలో ఉండాది. ఇంగ మీరు దాన్ని పెట్టకుండా ఉండలేరు అనుకున్నా."

వాడు నవ్వలేదు. గొప్ప చెప్పుకుంటున్నట్టు కూడా లేదు. జరిగింది చెప్పాడు, అంతే. నాకు వాడి చెంప మీద కొట్టాలనిపించింది. కొట్టలేదు.

"వాళ్లకు ముక్కలు పారేయడం నేర్పి ఉంటే నువ్వు ఓడిపోయేవాడివా?" అని అడిగాను.

వాడు నిజంగానే కాసేపు ఆలోచించాడు. "లేదు మేడమ్. కొంచెం తక్కువ గెలిచేవాణ్ణి" అన్నాడు.

బండి వచ్చింది. వాడు ఎక్కిన పెట్టె చూసి, నేను వేరే పెట్టె ఎక్కాను.

ఆ తర్వాత నాలుగేళ్లు సర్వీసు చేసి రిటైరయ్యాను. ఆ నాలుగేళ్లలో ఏ కాగితమైనా మార్క్ చేయించే ముందు, అదే కాగితం అవతలి లాయరు చేతిలో ఉంటే ఏమని చదువుతాడో ఫైలు వెనక రాసుకునేదాన్ని. రాయడానికి వీల్లేనంత కోపంగా ఉంటే వాయిదా అడిగేదాన్ని. పేకాట కేసుల్లో ఒప్పుకోలు తీసుకునే ముందు ప్రతి ముద్దాయికీ ఉచిత లాయర్ని ఇవ్వమని కోర్టును కోరేదాన్ని. పది నిమిషాల కేసు గంట పట్టేది. క్లర్కులు విసుక్కునేవాళ్లు, ఎస్సైలు పైవాళ్లకు ఫిర్యాదు చేశారు. అయినా మానలేదు.

దిలీప్ మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ వాడు దొరకకపోవడం కంటే ఆ ఎనిమిది మంది దొరకడం పెద్ద తప్పు. ఒక గదిలో పట్టుకున్నవాళ్లందరినీ కలిపి విచారించకపోతే, చట్టం తెలిసినవాడు బయటికి పోతాడు, తెలియనివాడు జరిమానా కడతాడు. కేసును రెండుగా విడగొట్టిన రోజు అభ్యంతరం చెప్పగలిగిన మనిషిని ఆ కోర్టులో నేనొక్కదాన్నే. చెప్పలేదు.